బంగళా లైన్లో గొంతు

ఉదయగిరిలో కొండ కిందున్న పాత మిషను బంగళా ముందు రాత్రిపూట సైకిలు చైను ఊడిందంటే, ఆ సైకిలు అక్కడే వదిలేసి రావాల్సిందే. తెల్లారాక వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఎవరూ ఎత్తుకుపోరు. ఎత్తుకుపోవాలన్నా వాడు కూడా అక్కడ ఆగాలి కదా.

ఆ బంగళాకున్న పేరు అలాంటిది. ఒకప్పుడు అది ఆసుపత్రి. ఒక దొరసాని డాక్టరమ్మ నడిపేది. చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది ఆ పురిటి వార్డులోనే పుట్టారు, నాతో సహా. డాక్టరమ్మ పోయింది, ఆసుపత్రి మూతపడింది, మంచాలు కూడా వేరే ఊరికి తరలిపోయాయి. పురిట్లో ప్రాణం పోయిన ఎవరో ఆడమనిషి మాత్రం కదలకుండా అక్కడే ఉండిపోయిందని చెప్పుకునేవాళ్ళు.

తొంభైతొమ్మిదో సంవత్సరం ఆగస్టులో ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

ముందు విన్నది చెక్క గరిటెలు చెక్కే ఆదెయ్య. రెండో ఆట సినిమా చూసి వస్తూ విన్నాడు. "మనిషి ఏడుపు గాదన్నా… నక్కా గాదు, పిల్లీ గాదు. కీచుమని లేసింది, గరగరలాడింది… ఉన్నట్టుండి గొంతు నొక్కినట్టు ఆగిపోయింది" అని నాకు చెప్పి, మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ దారిన రాత్రిపూట నేను వెళ్ళనూ వెళ్ళను. రెండింటికీ సంబంధం లేదు.

అసలు సంగతి నాకు జోయల్ చెప్పగా తెలిసింది. మా స్కూల్లో అతను సైన్సు మేష్టారు, నేను తెలుగు. ఆత్మకూరు బస్సులో సీటు దొరక్క ఇద్దరం కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడు చెప్పాడు. అంత రద్దీలో అంత మెల్లగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు.

జోయల్ భార్య ఏంజెలిన్ నర్సు. మస్కట్‌లో ఆసుపత్రిలో పని. వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. పిల్లలు లేరు. స్కూలు అయ్యాక జోయల్ ఇంటికి వెళ్ళి, తాళం తీసి, లైటు వేసి, మళ్ళీ బయటికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. లోపల కూర్చోవచ్చు కదా అంటే, "లోపల నా చెప్పుల చప్పుడే నాకు వినపడతా ఉంటాదన్నా" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఎందుకు నవ్వానా అని ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పంతొమ్మిదో తేదీన ఏంజెలిన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"ఇంకో రెండేండ్లకి సంతకం పెట్టమంటా ఉండారు. ఇరవై ఎనిమిది లోపల చెప్పాలంట. పోయినసారి నిన్ను అడిగితే నీ ఇష్టం అని రాసినావు. అట్టా రాయబాక. రమ్మంటే వచ్చేస్తా, ఉండమంటే ఉంటా. కంప్యూటర్లో ఒక్క మాట కొట్టు, చాలు. ఏ మాటా రాకపోతే సంతకం పెట్టేస్తా."

చేతిలో ఉన్నది తొమ్మిది రోజులు. తిరుగు ఉత్తరానికి పద్నాలుగు రోజులు పడుతుంది. ఎస్టీడీ బూతు నుంచి మూడుసార్లు ఆమె హాస్టలుకి ఫోను చేశాడు. మూడుసార్లూ ఎవరో ఎత్తి, అరబ్బీలో ఏదో అని పెట్టేశారు.

టెలిగ్రాం ఇవ్వచ్చు కదా అని నేనే అడిగాను. అడిగాక నాలిక కరుచుకున్నాను. మా వైపు టెలిగ్రాం అంటే చావు. పోస్టుమాను ఆ మాట అంటే చాలు, కాయితం విప్పకముందే ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటారు. 'రా' అని టెలిగ్రాం అందితే, అమ్మ పోయిందో నాయన పోయాడో అని ఆ పిల్ల అక్కడే కూలబడుతుంది.

ఇంక మిగిలింది కంప్యూటరు.

అది ఉన్నది బంగళాలో. ముందు గది ఒక్కటీ మిషను కమిటీ ఆఫీసుగా వాడేవాళ్ళు. అందులో ఒక ఫోను, ఎవరో దానం చేసిన పాత కంప్యూటరు. దాన్ని ముట్టుకోగలిగినవాడు జోయల్ ఒక్కడే కాబట్టి గది తాళం కూడా అతని దగ్గరే ఉండేది. రెండు నెలల ముందే నెల్లూరు వెళ్ళి ఇంటర్నెట్టు పాకెట్టు కొనుక్కొచ్చి, అందులో ఇచ్చిన ఈమెయిలు అడ్రసు సంబరంగా ఏంజెలిన్‌కి రాసి పంపాడు. ఎక్కించడం మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాడు.

పాకెట్టు విప్పాక తెలిసింది — అది విండోస్ ఉన్న కంప్యూటర్లకే పనికొస్తుందట. ఇందులో విండోస్ లేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర కంప్యూటరు సెంటరు పెట్టిన పెంచలప్రసాద్, జోయల్‌కి చిన్ననాటి స్నేహితుడు, "ఈ ముసలిది విండోస్ మొయ్యలేదురా" అని అది తీసేసి, ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి లైనక్స్ ఎక్కించి పెట్టాడు. బొమ్మలుండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఏం కావాలన్నా మనమే రాసి చెప్పాలి.

జోయల్ కంపెనీకి ఫోను చేశాడు.

"ఏ విండోస్ సార్?"

"విండోస్ గాదండీ. లైనక్స్."

"అది మా దాంట్లో రాదు సార్. విండోస్ ఎక్కించుకోని చెయ్యండి."

రెండోసారి చేస్తే గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు.

పెంచలప్రసాద్ ఒప్పుకోలేదు. "వాళ్ళు రాదంటే రాకుండా పోతాదా ఏంది? లైను కలవంగానే పేరు అడగతాది, పాస్‌వర్డ్ అడగతాది. రెండూ నువ్వే చేత్తో కొట్టు. ఆ తర్వాత నేను రాసిచ్చింది కొట్టు. ఎందుకు రాదో చూస్తాం" అని కాయితం మీద నాలుగు లైన్లు రాసిచ్చాడు.

పగలు ఆ ఫోను ఆఫీసు గుమాస్తాది. ఇంటర్నెట్టుకి తిప్పాల్సింది నెల్లూరు నంబరు, రాత్రి పదకొండు దాటితే దాని రేటు పావు వంతు. అందుకని జోయల్ పదకొండింటికి, ఒక్కడే, టార్చి పట్టుకుని ఆ బంగళాలోకి వెళ్ళాడు.

బాప్టిస్టు మనిషి. దెయ్యాలు లేవని ఆదివారం పిల్లలకి పాఠం చెప్పే మనిషి. తలుపు గడియ మాత్రం రెండుసార్లు చూసుకున్నాడట.

మోడెం అని చిన్న పెట్టె ఉంటుంది, ఫోను తీగకీ కంప్యూటరుకీ మధ్య దుబాసీ. అది టకటకమని నంబరు తిప్పింది. కీచుమంది. గరగరలాడింది… ఆదెయ్యకి జ్వరం తెచ్చిన ఏడుపు అదే. తర్వాత నిశ్శబ్దం. లైను కలిసింది.

తెర మీద పేరు అడిగింది. కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. కాయితంలోని మొదటి లైను కొడుతుండగా…

తెర నిండా పిచ్చి అక్షరాలు. లైను తెగిపోయింది.

మళ్ళీ కలిపాడు. మళ్ళీ తెగింది. గడియారం పెట్టుకుని చూశాడు. కలిసిన తర్వాత ఒకసారి యాభై సెకన్లు, ఒకసారి నిమిషం పది. నిమిషంన్నర ఎప్పుడూ దాటలేదు. సరిగ్గా లోపలికి అడుగు పెట్టబోయే వేళకి ఎవరో తలుపు మూసేస్తున్నట్టు.

ఆరు రాత్రులు అదే వరస. సాయంత్రం స్కూలు వదలగానే ఆత్మకూరు బస్సెక్కి పెంచలప్రసాద్ దగ్గరికి వెళ్ళడం, కాయితం దిద్దించుకోవడం, ఆఖరి బస్సుకి వచ్చి బంగళాకి పోవడం. తప్పు లైనక్స్‌లో ఉందని కంపెనీవాడు, కంపెనీలో ఉందని పెంచలప్రసాద్. జోయల్‌కి మాత్రం తప్పు తనలోనే ఉందనిపించేది. ఒక్క మాట అడిగింది భార్య. 'రా' అని ఆమె ఎదురుగా ఉన్నప్పుడే అనలేని మనిషికి, ఇప్పుడు యంత్రం మాత్రం ఎందుకు సాయం చేస్తుంది?

ఇరవై ఆరో తేదీ సాయంత్రం పెంచలప్రసాద్ తల గోక్కుని అన్నాడు. "లైను కలిసినాక మోడెం నోరు మూసుకుంటాది గదా. ఈసారి మూయబాక. ఈ లైను కొడితే స్పీకరు తెరిచే ఉంటాది. ఎక్కడ తెగతా ఉండాదో చెవితో విను."

ఆ రాత్రి స్పీకరు తెరిచి పెట్టి కలిపాడు.

టకటక. కీచు. గరగర. ఈసారి నిశ్శబ్దం లేదు… హోరు. గదినిండా హోరు. పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. ఇరవై సెకన్లు… ముప్ఫై… నలభై…

టక్.

హోరులో ఏదో తేడా వచ్చింది. జోయల్ వేళ్ళు ఆగిపోయాయి.

ఊపిరి. ఎవరిదో ఊపిరి.

తర్వాత… ఆ చిన్న పెట్టెలోంచి, ఆడగొంతు.

"ఏడవబాక… ఏడవబాక తల్లీ… అయిపోయినాది… ఇంక రొంతసేపే…"

తెర నిండా పిచ్చి అక్షరాలు పరిగెత్తాయి. లైను తెగింది. గది మళ్ళీ చీకటి బంగళాలో ఖాళీ గదిలాగే ఉంది.

కుర్చీ వెనక్కి పడింది. జోయల్ గుమ్మం దాకా ఎలా వెళ్ళాడో అతనికే తెలీదు. గడియ తీశాడు. ఒక కాలు బయట పెట్టాడు కూడా.

అక్కడ ఆగాడు.

"ఎందుకు ఆగినావురా? నేనయితే ఆత్మకూరు దాకా పరిగెత్తి ఉందును" అన్నాను.

"ఇంక రెండు రాత్రులేనన్నా మిగిలింది" అన్నాడు. కిటికీలోంచి చూస్తూ మళ్ళీ అన్నాడు: "ఇంకోటి… ఆ గొంతు అంత మంచిగా ఉండాది. నాతో ఎవురైనా అట్టా మాట్లాడి ఎన్నాళ్ళయినాదో."

వెనక్కి వచ్చాడు. మళ్ళీ నంబరు కలిపాడు. హోరు మొదలయ్యాక ఈసారి ఏమీ కొట్టలేదు. ఫోను రిసీవరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ముప్ఫై… నలభై… టక్‌మన్న చప్పుడు వినగానే మోడెం ఆపేసి రిసీవరు ఎత్తాడు.

"ఎవురూ?" గుసగుసగా అడిగాడు.

ఊపిరి. తర్వాత, చాలా దగ్గరగా —

"ఏ మంచం?"

జోయల్ రెండో చేత్తో బల్ల మీది టార్చి తడుముకున్నాడు.

"ఏ మంచం నాయనా? నొప్పులెప్పుడు మొదలైనాయి?"

మంచాలు లేవు. మంచాలు పోయి పదకొండేళ్ళు. జోయల్ రిసీవరు చెవికి పెట్టుకునే కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవరణ ఆ చివర, కూలిపోయిన వార్డుకి అవతల, నర్సుల క్వార్టర్ల వరసలో… ఒక చిన్న దీపం. దాని ముందు ఎవరిదో నీడ.

రిసీవరు బల్ల మీద పెట్టేసి, టార్చి తీసుకుని బయల్దేరాడు.

వార్డుకి కప్పు లేదు. కంపచెట్లు గుమ్మాల్లోంచి మొలిచి ఉన్నాయి. చొక్కా చిరిగింది. అన్నీ మూసిన తలుపులు, ఆ చివరిది మాత్రం ఓరగా తీసి ఉంది. తోశాడు.

తెల్లచీర. అటు తిరిగి స్టూలు మీద కూర్చుని ఉంది. గోడకి నల్లటి పాత ఫోను. రిసీవరు చెవికి ఆనించుకుని, మెల్లగా, విసుగు లేకుండా, దానితో మాట్లాడుతోంది.

"ఉలకవేంది తల్లీ… నేనుండాలే…"

"అవ్వా…" అన్నాడు జోయల్.

ఆమె తిరిగింది.

శీనమ్మ. ఆసుపత్రిలో నలభై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. ఆ ఆవరణలోనే ఎక్కడో ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. పగలు చర్చి మెట్ల మీద కూర్చుని ఉంటే దండం పెట్టి పోతాం. రాత్రి ఎక్కడ పడుకుంటుందని, ఏం చేస్తుందని ఎవరమూ ఎప్పుడూ అనుకోలేదు. నన్ను మొదట ఎత్తుకున్న చేతులు బహుశా ఆమెవే. నేనూ అనుకోలేదు.

"జోయలయ్యోరా?" అంది కళ్ళజోడు సర్దుకుని. "నువ్వేంది ఈడ? ఎవురికి నొప్పులు?"

డాక్టరమ్మ ఉన్నప్పుడు బంగళా ఫోనుకే ఇంకో తీగ కలిపి ఇక్కడొక ఫోను పెట్టించింది. దానికొక నియమం కూడా పెట్టింది. పగలు మోగితే అది ఆఫీసుది. రాత్రి మోగితే వార్డుది. రాత్రి గంట ఒక్కసారి టింగుమన్నా సరే, డ్యూటీలో ఉన్న ఆయా లేచి ఎత్తాలి. డాక్టరమ్మ పోయింది, ఆసుపత్రి పోయింది. శీనమ్మని డ్యూటీ దిగమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పదకొండేళ్ళు రాత్రిపూట ఆ గంట మోగలేదు. ఈ ఆగస్టులో మళ్ళీ మోగింది. మోడెం టకటకమని నంబరు తిప్పినప్పుడల్లా ఈ పాత ఫోను టింగు టింగుమనేది. ముసలామె లేచి, కళ్ళజోడు వెతుక్కుని, దీపం పెద్దది చేసి, గోడ దాకా నడిచి, రిసీవరు ఎత్తేసరికి… నిమిషం. ఒకే తీగ మీద రెండో ఫోను ఎత్తితే ఆ లైనులో ఇంటర్నెట్టు నిలవదు.

"ఎవురో బిడ్డ అయ్యోరా. మాట రాదు. గసపోస్తా ఉంటాది, మధ్యలో కీచుమని అరస్తాది. నేను నాలుగు మాటలు చెప్పంగానే చప్పున ఆగిపోతాది." శీనమ్మ మొహం వెలిగింది. "పాపం, నిద్ర పట్టిందనుకోని నేనూ పడుకుంటా."

జోయల్ ఆ గడప మీదే కూలబడ్డాడు.

"అవ్వా… అది మనిషి గాదు. యంత్రం. నువ్వు ఎత్తబాక."

"ఏడస్తా ఉంటే ఎత్తకుండా ఎట్టా?" అంది కోపంగా. "నలభై ఏండ్లు చేసినాను. ఏడ్చే మనిషిని వదిలేసి ఒక్కనాడు పడుకోలా."

ఇంక దాచడానికి ఏమీ లేకపోయింది. "అది నాదే అవ్వా. మా ఇంటామెని పిలస్తా ఉండా. నువ్వు ఎత్తితే తెగిపోతా ఉండాది."

"ఎందుకు పిలస్తా ఉండావు?"

"ఆమె లేకుండా నేను ఉండలేకపోతా ఉండా."

ఆ మాట అతను ఎవరితోనైనా అనడం అదే మొదటిసారట. స్టాఫు రూములో రెండేళ్ళుగా రోజూ నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నాతో అనలేదు. నేను అడగనూ లేదు.

శీనమ్మ ఆలోచించింది. రిసీవరు జాగ్రత్తగా పెట్టేసింది. "పద. నేనే వచ్చి దాని పక్కన కూసుంటా. నేను ఆడనే ఉంటే ఇంక ఎత్తే పనేముండాది."

ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని కంపల్లోంచి నడిపించుకొచ్చాడు. కుర్చీ లేపి కూర్చోబెట్టాడు. నంబరు కలిపాడు. పెట్టె కీచుమనగానే శీనమ్మ ముందుకి వంగి దాని మీద అరచెయ్యి వేసింది.

"ఒళ్ళు కాలతా ఉండాది" అంది.

పేరు. పాస్‌వర్డ్. మొదటి లైను. రెండోది. నిమిషం… రెండు… ఐదు.

లైను తెగలేదు. కంపెనీ రాదన్నది వచ్చింది. జోయల్‌కి కేకెయ్యాలనిపించింది.

తెర మీద తన ఈమెయిలు పెట్టె తెరిచాడు. అందులో అప్పటికే మూడు ఉత్తరాలు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

ఆదివారం నాటిది: "నువ్వు ఏమీ కొట్టలా. చూస్తా ఉండా."

మంగళవారం నాటిది: "మేట్రన్ లీవు మీద పోతా ఉండాదంట. బుధవారమే చెప్పాలంట. ఈ రాత్రికైనా కొట్టు. డ్యూటీ రూములో కంప్యూటరు కాడే కూసోని ఉంటా."

బుధవారం నాటిది: "సంతకం పెట్టేసినా. వేళకి తిను."

అప్పుడు గురువారం రాత్రి పన్నెండున్నర.

జోయల్ ఆ మూడో ఉత్తరం ఇంకోసారి చదివాడు. మంగళవారం రాత్రి నాలుగుసార్లు లైను కలిసింది. నాలుగుసార్లూ తెగింది. తెలియక తెంపిన మనిషి, మోడెం మీద చెయ్యి తియ్యకుండా, పక్కనే కూర్చుని ఉంది.

"ఆ సంగతి శీనమ్మకి చెప్పినావా?" అని అడిగాను నేను.

"ఏం చెప్పేదన్నా?"

"కోపం రాలేదా?"

"ఎవురి మీద?" అన్నాడు.

శీనమ్మకి చదవడం రాదు. అతని మొహం చూసి అడిగింది: "ఏమంటాది మీ ఇంటామె?"

"రెండేండ్లు రాదంట. సంతకం పెట్టేసింది."

"నాకు చెప్పిన మాట ఆమెకి చెప్పినావా?"

"లేదవ్వా. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"సంతకం ఆస్పత్రికి గదా పెట్టింది. మాట నీ పెండ్లానికి. చెప్పు" అంది.

జోయల్ కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. వారం రోజులుగా మనసులో దిద్దుకున్న ఉత్తరం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. నువ్వు లేకుండా నేను ఉండలేకపోతున్నానని కొట్టాడు. ఆ ఫోను కథంతా తర్వాత రాస్తానని కొట్టాడు. ఎప్పుడు వీలైతే అప్పుడు రా అని కొట్టాడు. ఆ ఆఖరి అక్షరాల దగ్గర వేళ్ళు ఆగుతాయేమో అనుకున్నాడట. ఆగలేదు. పంపించేశాడు.

తెర మీద ఏమీ మారలేదు. నల్ల తెర, మూల మెరుస్తూ ఆరుతూ చిన్న గీత.

"ఎత్తిందా?" అంది శీనమ్మ.

"ఇది ఎత్తేది గాదవ్వా. ఆమె ఎప్పుడు చూస్తే అప్పుడు."

ముసలామె ఆ తెర వైపు చూసింది. అతని వైపు చూసింది. ఆమెకది అర్థం కాలేదు.

"ఇంత రాత్రప్పుడు మనిషి పిలస్తా ఉంటే… ఎత్తేదానికి ఆడ ఎవురూ లేరా నాయనా?"

జోయల్ అప్పుడు ఏడ్చాడు.